తలుపు అట్ట వెనక

ప్రకటనలో "కొద్దిగా వెల్డింగ్ పని ఉంది" అని రాశారు. ఆ కొద్దిగాకి నాకు నాలుగున్నరేళ్లు పట్టింది.

2009 అక్టోబరు. అప్పట్లో మేం బర్మింగ్‌హామ్ శివార్లలో, 1930ల నాటి జంట ఇళ్లలో ఒకదాంట్లో ఉండేవాళ్లం. ఇంటిని ఆనుకుని ఓ ఇరుకు గ్యారేజీ. ఇప్పటి కార్లు అందులో పట్టవు. పట్టినా తలుపు తీసుకుని దిగలేం. ఆ వీధిలో అందరి గ్యారేజీల్లోనూ పాత సోఫాలు, గడ్డి కోసే మిషన్లే ఉండేవి. మా దాంట్లోకి మాత్రం 1967 మోడల్ ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు వచ్చి చేరింది. వెడల్పు ఐదడుగులే కాబట్టి దూరింది. రెండు సీట్లు, గుడ్డ టాపు, ఎవరో బ్రష్షుతో పులిమినట్టున్న ఎర్ర రంగు. 1,800 పౌండ్లు. ఆరేళ్లుగా ఒకరి పెరట్లో టార్పాలిన్ కింద పడి ఉందట. ట్రెయిలర్ మీంచి దింపి, నలుగురం తోసి లోపల పెట్టాం.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ఏమండీ, ఇది నడవదా?"

"నడుస్తుంది."

"ఎప్పుడు?"

నేను గ్యారేజీ తలుపు దించే పనిలో పడిపోయాను.

నిజానికి నాకు స్పోర్ట్స్ కార్ల పిచ్చేమీ లేదు. అమ్మే ఆయన బానెట్ ఎత్తాడు చూడండి, అక్కడ పడిపోయాను. ఈ ఇంజిన్ని ఎక్కడో చూశానే అనిపించింది. వరసగా నాలుగు సిలిండర్లు, పైన రేకు మూత, దాన్ని బిగించి పట్టుకున్న రెండు నట్లు. చిన్నప్పుడు సెలవుల్లో నాన్న టాక్సీ రిపేరు చేసుకుంటుంటే నేను టార్చి పట్టుకుని నిలబడింది ఇలాంటి ఇంజిన్ మీదే. ఇంటికొచ్చి చదివితే పొరబడలేదని తేలింది. మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు ఉన్న 1489 సీసీ పెట్రోల్ ఇంజిను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బి-సిరీస్. ఎంజీబీలో ఉన్నదీ అదే కుటుంబం. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం కూడా మారలేదు, 88.9 మిల్లీమీటర్లే. బోరు, అంటే సిలిండర్ వెడల్పు పెంచి 1798 సీసీ చేశారు, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు తగిలించారు, 95 హార్స్‌పవర్ రాబట్టారు.

ఆ రాత్రే ఫోన్ చేసి చెప్తే నాన్న పెద్దగా మురిసిపోలేదు. "టాక్సీ ఇంజిన్‌కి రెండు కార్బురేటర్లు పెట్టి స్పోర్ట్స్ కారంటున్నారా? పెట్రోలు తాగుద్ది రా," అన్నాడు.

విప్పడం మొదలుపెట్టిన మూడో రోజు పక్కింటి పెద్దాయన వచ్చాడు. ఓ కార్ల ఫ్యాక్టరీలో టూల్ రూమ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. గోడవతల నుంచి నా సుత్తి చప్పుడు విని విని, ఇక ఆగలేక వచ్చాడని తర్వాత చెప్పాడు. నా చేతిలో పదమూడు నంబరు స్పానర్ ఉంది. ఎంజీబీ నట్లన్నీ అంగుళాల లెక్క. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు.

"అరంగుళం నట్టుకి పదమూడు పడుతుంది," అన్నాడాయన. "పడుతుంది కాబట్టే నట్టు పాడవుతుంది."

మర్నాడు గుడ్డలో చుట్టిన తన స్పానర్ల సెట్టు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఒక్కో స్పానర్ ఒక్కో జేబులో, నూనె రాసి. దాంతో పాటు ఓ ఖాళీ బిస్కెట్ల డబ్బా. విప్పిన ప్రతి పాత సామానూ చీటీ కట్టి ఆ డబ్బాలో వెయ్యాలన్నాడు. కారులో నీకు నచ్చింది మార్చుకో, కానీ బోల్టుతో బిగించేదే పెట్టు, కోసి పెట్టాల్సింది పెట్టకు. రేపు ఎవరైనా పాతది మళ్లీ పెట్టుకోవాలంటే వీలుండాలి. ఆయన పెట్టిన షరతు అదొక్కటే. అప్పట్లో నాకది చాదస్తంగా అనిపించింది. ఎనిమిదేళ్ల తర్వాత, 2018 మే నుంచి, నలభై ఏళ్లు దాటిన కార్లకు ఇక్కడ కారు రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో చూసే, ఏటా చేయించే ఎంఓటీ పరీక్ష అక్కర్లేదన్నారు. కాకపోతే గత ముప్పై ఏళ్లలో కారుకి మూలమైన భాగాలు పెద్దగా మార్చి ఉండకూడదని మెలిక పెట్టారు. ఆ నిబంధన చదువుతుంటే పెద్దాయన డబ్బానే గుర్తొచ్చింది.

విప్పుతున్న కొద్దీ కారు కన్నా దాని పాత ఓనర్లే ఎక్కువ తెలిశారు. ఒకాయన వెనక లైటు వైర్లను దెబ్బ మీద వేసే ప్లాస్టర్‌తో చుట్టాడు. ఇంకొకాయన డాష్‌బోర్డుకి చెక్కకి వాడే స్క్రూ దిగ్గొట్టాడు. సీటు కింద తివాచీ ఎత్తితే ఓ పాత పెన్నీ దొరికింది, అరచేతిలో బరువుగా, మీద 1962 అని. పౌండుకి 240 పెన్నీలున్న రోజుల నాణెం. ఆ లెక్క 1971 ఫిబ్రవరిలో మారిపోయింది కదా, అంటే బహుశా కారు కొత్తగా ఉన్నప్పుడే ఎవరి జేబులోంచో జారి ఉంటుంది. కుడి తలుపు లోపలి అట్ట ఊడదీస్తే దాని వెనక నీలం మైనపు పెన్సిల్‌తో 41 అని, కింద ఓ గీత. ఎంజీబీలు తయారైన ఆబింగ్‌డన్ ఫ్యాక్టరీలో అట్ట బిగించినవాడు రాసిందో, తర్వాతెప్పుడో ఏ మెకానిక్ రాసిందో. దాన్ని తుడవకుండా పక్కన పెట్టాను.

డిక్కీ దగ్గర ఓ తమాషా జరిగింది. "డిక్కీలో స్టెప్నీ ఎలా బిగించాలి?" అని అలవాటుగా అనేశాను. పెద్దాయనకు ఆ రెండు మాటల్లో ఒక్కటీ అర్థం కాలేదు. రెండూ వాళ్లవే! పాతకాలం కార్ల వెనక తెరుచుకునే సీటుని డిక్కీ అనేవాళ్లు. కార్లకు అదనపు చక్రం ఇవ్వని రోజుల్లో, 1900ల మొదట్లో, వేల్స్‌లోని లనెల్లీ ఊళ్లో స్టెప్నీ స్ట్రీట్‌లో ఒక కంపెనీ అదనపు చక్రాలు చేసి అమ్మింది. వీధి పేరే చక్రం పేరైంది. వాళ్లు మర్చిపోయారు, మనం దాచుకున్నాం. ఈ కథ ఆయనకు ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత మా ఇంటికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

ఇక సిల్లుల సంగతి. నా నాలుగున్నరేళ్లలో రెండేళ్లు మింగినవి ఇవే.

దీని అన్న ఎంజీఏకి కింద విడిగా ఛాసిస్ ఉండేది. ఎంజీబీకి లేదు, బాడీయే ఛాసిస్. పైన రేకు టాపు లేని కారు కాబట్టి, ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి నిలబెట్టే బలమంతా తలుపుల కింద పొడుగ్గా ఉండే ఆ రెండు పెట్టెల్లోనే ఉంటుంది. బయట ఓ రేకు, మధ్యలో ఓ పలక, లోపల ఇంకోటి, అడుగున ఓ పట్టీ, అన్నీ కలిపి ఒక సిల్లు. ఎడమవైపు దాన్ని స్క్రూడ్రైవర్ వెనకవైపుతో కొడితే ఖణేల్ మనాల్సింది, డబ్ మంది. గ్రైండర్ పెట్టి బయటి రేకు కోశాను. దాని కింద మరో బయటి రేకు! మధ్యలో పుట్టీ, పుట్టీ వెనక ఉండ చుట్టి కుక్కిన న్యూస్ పేపరు. ఎవరో ఎంఓటీ గట్టెక్కడానికి తుప్పు మీదే కొత్త రేకు తొడిగేశారు. అసలు సిల్లు ఇంకా లోపల ఉంది. వేలు పెడితే వేయించిన అప్పడంలా విరిగి నేల మీద రాలింది.

అప్పటికి నాకు వెల్డింగ్ రాదు. సాయంత్రం క్లాసుల్లో చేరాను. మిగ్ వెల్డింగ్ చూడ్డానికి తేలిక. తుపాకీ లాంటిది నొక్కితే తీగ దానంతటదే వస్తుంది. నా మొదటి నెల అతుకులన్నీ పిట్ట రెట్టల్లా ఉండేవి. ఒకసారి కారు అడుగున ఉన్న నల్ల పూత అంటుకుంది. తడి గోనెతో ఆర్పాను, ఇంట్లో చెప్పలేదు. (ఇది చదివితే తెలుస్తుంది.)

2011 జనవరిలో ఎడమ సిల్లు మొదలుపెట్టాను. తలుపు ఉండే ఖాళీలో అడ్డంగా ఇనుప కడ్డీ వెల్డ్ చేసి బిగించాను, బాడీ కదలకుండా. పుస్తకంలో ఉన్నట్టే. కానీ తలుపు అడ్డం వస్తోందని తీసి గోడకి ఆనించాను. కారుని ఎత్తిన స్టాండ్లు కూడా చేతికి అడ్డం రాకుండా ముందు కొసకీ వెనక కొసకీ జరిపాను. మూడు వారాంతాలు. అతుకులు ఈసారి అందంగా వచ్చాయి, ఫోటోలు కూడా తీసుకున్నాను. కడ్డీ కోసేసి, కారు దించి, తలుపు బిగించి వేయబోతే వెనక పైమూల వెళ్లి బాడీకి తగిలింది. ఇంకోసారి వేశాను. ఠక్. కింద వేలు దూరేంత సందు, పైన కాగితం కూడా దూరదు. కారు నడుం దగ్గర వంగిపోయింది.

పెద్దాయన వచ్చి ఆ సందు వెంట బొటనవేలి గోరు పెట్టి కిందనుంచి పైకి జరుపుకుంటూ వెళ్లాడు. గోరు ఎక్కడ ఆగిందో అక్కడే కాసేపు ఉంచాడు.

"తలుపు పెట్టుకుని చూసుకుంటూ అతికావా?"

"లేదు."

"ఊఁ," అని ఇంటికి వెళ్లిపోయాడు. తిడితే బాగుండేది. గంట తర్వాత డ్రిల్లుతో వచ్చి, అతుకులు ఒక్కొక్కటీ ఎలా తొలవాలో చూపించి, మొదటి పది తనే తొలిచాడు. మిగతావి నేను. లెక్కపెట్టాను, తొంభై నాలుగు.

రెండోసారి స్టాండ్లు ఇరుసుల దగ్గరికి వెళ్లాయి. తలుపుని దాని చోట వేలాడదీసి, చుట్టూ సందులో ఒకే మందం చెక్క ముక్కలు పెట్టి, ఒకచోట కొంచెం అతికితే ఇంకోచోట కొంచెం, ప్రతిసారీ తలుపు తీసి వేసి చూసుకుంటూ. మార్చి చివర్లో ఓ రాత్రి తలుపు వేస్తే క్లిక్ మని పడింది. లేపి మరీ మా ఆవిడకు వినిపించాను. "ఇది తలుపు చప్పుడే కదా," అంది. కుడివైపు సిల్లు రెండు వారాంతాల్లో అయిపోయింది, దాని గురించి చెప్పడానికేమీ లేదు.

ఈ బాధంతా లేకుండా కొత్త బాడీయే కొనుక్కోవచ్చు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988 నుంచి పాత ఫ్యాక్టరీ అచ్చులతోనే ఎంజీబీ బాడీలు కొత్తగా చేసి అమ్ముతోంది. రేటు అడిగాను. కారుకి పెట్టినదానికి ఎన్నో రెట్లు. మళ్లీ అడగలేదు.

మార్పుల్లో నేను మొదట చేసింది కరెంటు పని. 1967 కారు కదా, బ్యాటరీ ప్లస్సు బాడీకి కలిపి ఉంటుంది, ఇప్పటి కార్లకు తలకిందులు. పైగా సీట్ల వెనక ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు. దాన్ని తిప్పి మైనస్ బాడీకి కలిపి, పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి పెట్టి, డైనమో తీసి ఆల్టర్నేటర్ బిగించాను. డిస్ట్రిబ్యూటర్ లోపల స్పార్క్ కోసం కరెంటు తెంచే పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. నాన్నకి ఇది నచ్చలేదు. పాయింట్లయితే రోడ్డు పక్కన గీకుకుని ఇల్లు చేరొచ్చు, ఆ డబ్బా కాలిపోతే ఏం చేస్తావన్నాడు. పాయింటే. పాత పాయింట్ల సెట్టు ఇప్పటికీ డిక్కీలో ఉంటుంది. ఇక్కడ సీసం కలిపిన పెట్రోలు 2000 మొదట్లోనే ఆగిపోయింది కాబట్టి, సిలిండర్ హెడ్డు వర్క్‌షాప్‌కి పంపి గట్టి వాల్వు సీట్లు వేయించాను.

మనసు ఊరుకోదుగా. ఓ ఏడాది పాటు వీ8 ఇంజిన్ మీదికి పోయింది. 1973 నుంచి 76 దాకా ఫ్యాక్టరీ వాళ్లే టాపున్న జీటీ మోడల్‌లో రోవర్ 3.5 లీటర్ల వీ8 పెట్టి 2,591 కార్లు చేశారు. అది అల్యూమినియం ఇంజిను, మన ఇనప బి-సిరీస్‌కీ దానికీ బరువులో పెద్ద తేడా ఉండదు. పెద్దాయనకు చెప్తే వేళ్లు మడిచాడు. "బ్రేకులు మార్చాలి. వెనక ఇరుసు మార్చాలి. రేడియేటర్. గేర్‌బాక్స్." నాలుగో వేలు దగ్గర నేనే ఆపేశాను.

చేసి నాలిక కరుచుకున్నదీ ఉంది. వెనక పాతకాలపు లీవర్ షాకబ్జార్బర్లు తీసి ఇప్పటి గొట్టం రకం వేశాను. మలుపుల్లో కారు అతుక్కుపోతుందని ఎక్కడో చదివి. మలుపుల మాట దేవుడెరుగు, గతుకు వస్తే వెన్నుపూసలు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. ఆరు నెలలు పరువు కోసం ఓర్చుకున్నాను. తర్వాత బిస్కెట్ల డబ్బాల వరసలోంచి పాతవి తీసి, చీటీలు చూసుకుని, అవే మళ్లీ బిగించాను. పెద్దాయన ఏమీ అనలేదు. ఖాళీ అయిన డబ్బా వంక ఓసారి చూశాడంతే.

రంగు విషయంలో మా ఆవిడ ఇప్పటికీ క్షమించలేదు. ఎరుపు గీకితే కింద ఆకుపచ్చ, దాని కింద లేత పసుపు. గేడన్‌లోని మోటార్ మ్యూజియం వాళ్లు ఫ్యాక్టరీ రికార్డు చూసి సర్టిఫికెట్ ఇస్తారు. అందులో పేల్ ప్రిమ్‌రోజ్ అని వచ్చింది. అదే వేయించాను. "పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టుంది," అంది.

2014 ఏప్రిల్లో మొదటిసారి స్టార్ట్ చేశాం. కీ తిప్పగానే వెనక నుంచి పెట్రోలు పంపు టక టక టక టక కొట్టుకుంది. కార్బురేటర్లు నిండుతున్న కొద్దీ నెమ్మదించి, టక్... టక్... ఆగింది. సెల్ఫ్ కొట్టాను. మూడోసారికి అందుకుంది. రెండు కార్బురేటర్లూ సమంగా గాలి పీలుస్తున్నాయో లేదో చూడ్డానికి మీటర్లున్నాయి. పెద్దాయన మాత్రం మూరెడు రబ్బరు గొట్టం ఇచ్చాడు. ఒక కొస చెవిలో, ఒక కొస కార్బురేటర్ నోటి దగ్గర. ముందుదాంట్లో బుస్సుమంటూ పెద్ద ఈల, వెనకదాంట్లో పీలగా. స్క్రూ పావు తిప్పు, విను. ఇంకో పావు. రెండు బుసలూ ఒకటయ్యేసరికి ఇంజిన్ వణుకు తగ్గి, బల్ల మీద గ్లాసులో నీళ్లు నిలిచాయి. తర్వాత కార్బురేటర్ కింద పిన్ను వేలితో పిసరు పైకి నెడితే ఇంజిన్ వేగం ఒక్క క్షణం పెరిగి మళ్లీ సర్దుకోవాలి. పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు, ఆగిపోబోతే తక్కువైనట్టు.

నాన్నకి ఫోన్ కలిపి బానెట్ దగ్గర పెట్టాను. చాలాసేపు మాట్లాడలేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను.

"టాపెట్లు బిగించేశావ్ రా," అన్నాడు.

"నిశ్శబ్దంగా ఉంది కదా నాన్నా."

"అదే చెప్తున్నా. కాస్త టిక్కుటిక్కు మనాలి. మనకపోతే వాల్వు కాలుద్ది."

చల్లారాక వాల్వుల దగ్గర సందుని ఫీలర్ గేజ్ పెట్టి చూశాను. అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను ఉండాల్సిన చోట మూడింటికి పన్నెండే ఉన్నాయి. కాకతాళీయమే కావచ్చు, ఫోన్లో అంత వినపడుతుందని నేను నమ్మను. అయినా సరిచేశాక మళ్లీ ఫోన్ చేసి వినిపించాను. "ఆఁ. ఇప్పుడు మన బండి," అన్నాడు.

ఎంఓటీకి 54 పౌండ్ల 85 పెన్స్ కట్టి తీసుకెళితే ఫెయిలైంది. వెల్డింగ్ అంతా టార్చి వేసి, తట్టి చూసి బాగుందన్న మనిషి, హారన్ మోగలేదని ఫెయిల్ చేశాడు. వైరు ఊడింది. మర్నాడు పాసైంది.

జూన్‌లో పెద్దాయన్ని ఎక్కించుకుని ఆబింగ్‌డన్ వెళ్లాను, మోటార్‌వే ఎక్కకుండా పాత రోడ్ల మీద. 1962 నుంచి 1980 దాకా ఎంజీబీలు అక్కడే పుట్టాయి, ఐదు లక్షలకు పైగా. ఎక్కువ భాగం అమెరికాకి వెళ్లాయి. 1980 అక్టోబరులో ఫ్యాక్టరీ మూసేశారు. ఇప్పుడు చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. ఎంజీ కార్ క్లబ్ వాళ్ల ఆఫీసు కింబర్ హౌస్ ముందు ఆపి, ఫ్లాస్కులో టీ తాగి వచ్చేశాం. తిరుగు దారిలో వాన. కొత్త గుడ్డ టాపు, కొత్త రబ్బర్లు, అయినా అద్దం మూలలోంచి ధార సరిగ్గా పెద్దాయన మోకాలి మీద పడింది. ఆయన దాన్ని కాసేపు చూసి, "ఇది ఒరిజినలే," అన్నాడు.

ఆయన 2019లో పోయాడు. వాళ్లమ్మాయి ఇల్లు ఖాళీ చేస్తూ స్పానర్ల చుట్ట తెచ్చి నా చేతికిచ్చింది. గుడ్డ మీద ఒక్కో జేబు దగ్గరా సైజు ఇంకుతో రాసి ఉంది. అరంగుళం జేబు దగ్గర మాత్రం వెలిసిపోయింది, ఎక్కువ వాడింది అదే కాబట్టి.

పోయిన వేసవిలో కుడి తలుపు అద్దం దిగక, అట్ట మళ్లీ ఊడదీశాను. 41, కింద గీత, అలాగే ఉన్నాయి. అద్దం బాగుచేశాక అట్ట బిగించబోతూ ఆగి, మా చిన్నది గీసుకునే మైనపు పెన్సిల్ తీసుకొచ్చాను. ఆ అంకె కింద తెలుగులో రాశాను: "ఎడమ సిల్లు రెండుసార్లు అతికాను. కార్బురేటర్లు సరిచేసింది పక్కింటి పెద్దాయన. టాపెట్లు మా నాన్న. హారన్ వైరు చూసుకోండి." తేదీ వేసి, పన్నెండు క్లిప్పులూ నొక్కి మూసేశాను.